లేని ఆచారానికి ముద్ర

ఆ శనివారం పొద్దున ఒదీలియా వేసుకున్న పథకం చాలా చిన్నది. ఏడింటి వ్యాను ఎక్కి సొంత ఊరు సాంతా ఒబ్దూలియాకు వెళ్ళాలి. ఊరి పెద్ద చేత ఒక కాగితం మీద ముద్ర వేయించుకోవాలి. అమ్మమ్మ మొక్కజొన్న ఆకుల్లో చుట్టి ఉడికించిన చిక్కుడు తమాలెలు రెండు తిని, సాయంత్రం వ్యానులో వహాకా నగరానికి తిరిగి వచ్చేయాలి. సోమవారం పదింటికి ఆ కాగితం ప్రొఫెసర్ బెరెనీస్ బల్ల మీద ఉండాలి.

ఒదీలియా మానవశాస్త్రం మూడో ఏడు చదువుతోంది. మానవశాస్త్రం వెబ్‌సైట్లను ఎంతవరకు నమ్మొచ్చో తేల్చడమే ఇప్పటి పాఠం. ఒక్కో విద్యార్థి ఒక్కో వెబ్‌సైటు తీసుకుని, రాసిందెవరు, చూసి రాశారా విని రాశారా, ఆధారం ఏమిటి అని విచారించి నివేదిక ఇవ్వాలి. ఆమె ఈ పాఠంలో ఇప్పటికే ఒకసారి తప్పింది. రెండోసారి తప్పితే విశ్వవిద్యాలయం ఆమె పేరు కొట్టేస్తుంది. అందుకని సులువైనది ఎంచుకుంది. తన ఊరి గురించే అబద్ధం రాసిన వెబ్‌సైటు.

"సాంతా ఒబ్దూలియా వాసులు తొలి వానను పిలవడానికి తమ ఇళ్ళ నుంచి కుర్చీలు తెచ్చుకుని, చర్చికి వీపు పెట్టి, గంటసేపు మౌనంగా కూర్చుంటారు," అని అందులో ఉంది. కింద ఫోటో. జనం నిజం, కుర్చీలు నిజం, మౌనం కూడా నిజంలాగే కనిపిస్తోంది. మూడో వరసలో అమ్మమ్మ ఉంది.

మొదటి నివేదికలో ఒదీలియా, "నేను ఆ ఊరిదాన్ని. అలాంటి ఆచారం లేదని నాకు తెలుసు," అని రాసింది. ప్రొఫెసర్ ఆ వాక్యం పక్కన ఎర్ర సిరాతో, "వెబ్‌సైటు కూడా తనకు తెలుసుననే అంటోంది," అని రాసి తిప్పి పంపింది.

ఊళ్ళో దిగగానే చూపిస్తే, అమ్మమ్మ తోమాసా ఫోటోను ఫోన్‌లో దగ్గరగా, దూరంగా పెట్టి చూసింది.

"ఇది బాస్కెట్‌బాల్ పోటీ కదటే. చర్చి ముందు కోర్టులో. నా ఆకుపచ్చ శాలువా చూడు, ఎంత బాగుండేదో."

"మరి ఒక్కరూ మాట్లాడరేం అమ్మమ్మా?"

"ముప్పై ఎనిమిది పాయింట్లు వెనకబడి ఉన్నాం. ఏం మాట్లాడమంటావు?"

ఒదీలియాకు ప్రాణం లేచొచ్చింది. ఈ మాటే కాగితం మీద పెట్టి ముద్ర వేయిస్తే చాలు. ఇద్దరూ పంచాయతీ కచేరీకి వెళ్ళారు. ఊరి పెద్ద డోన్ అన్సెల్మో కాగితాన్ని రెండుసార్లు చదివాడు. ముద్ర సొరుగులోంచి తీశాడు, మళ్ళీ సొరుగులో పెట్టాడు.

"చూడమ్మాయ్, ఉన్నదానికైతే నేనొక్కణ్ణే ముద్ర వేసేస్తా. లేనిదానికి నాకు అధికారం లేదు. రేపు ఎవడో వచ్చి ఉందంటే?"

"లేదని మీకు తెలుసు కదా డోన్ అన్సెల్మో!"

"నాకు తెలుసు. నేను ఊరినా? ఊరంటే సభ."

"ఒరే అన్సెల్మో," అంది తోమాసా. ఆమె చిన్నప్పుడు అతన్ని చర్చిలో ఎత్తుకుని జ్ఞానస్నానం చేయించిన జ్ఞానతల్లి, కాబట్టి ఊరి పెద్దను ఒరే అనగలిగిన ముగ్గురిలో ఒకతె. "పిల్లకు సాయంత్రం వ్యాను ఉందిరా."

"అందుకే సభ ఇవాళే పెడుతున్నా అమ్మా. నాలుగింటికి."

అయిదు నిమిషాల్లో కచేరీ మీది లౌడ్‌స్పీకర్ గొంతు సవరించుకుంది. "పౌరులందరికీ మనవి. మౌనం విషయమై నాలుగింటికి సభ. ఎవరి కుర్చీ వాళ్ళే తెచ్చుకోవాలి. రానివాళ్ళు ఒక రోజు రోడ్డు పని చేయాలి. విశ్వవిద్యాలయం చూస్తోంది."

చివరి మాట కార్యదర్శి ఫిలెమోన్ తన సొంతంగా చేర్చాడు. సభకు జనం సరిగ్గా రావడం లేదని అతనికి చాలాకాలంగా బాధ.

మధ్యాహ్నం మొక్కజొన్న మర దగ్గర ఒదీలియాకు ఆ మాట తిరిగి వినిపించింది. అప్పటికి దానికి కాళ్ళూ చేతులూ వచ్చాయి. "మన మౌనాన్ని కొండ అవతలివాళ్ళు తమదని రాయించుకుంటున్నారట," అంటోంది ఒకామె.

"మనకు మౌనం ఎక్కడిదే?"

"ఉంటే ఉంది, లేకపోతే లేదు. వాళ్ళకెందుకు ఇవ్వాలి?"

"అత్తా, ఎవరూ ఏమీ రాయించుకోవట్లేదు. ఇది నా పరీక్ష కోసం," అంది ఒదీలియా.

"పరీక్ష కూడా పెడుతున్నారా మనకి!" అంటూ ఆమె పిండి బకెట్టు అక్కడే వదిలేసి మొగుడికి చెప్పడానికి పరిగెత్తింది.

నాలుగింటికి ఊరంతా కోర్టులో ఉంది. ఆ వేళకు నీడ ఉండేది చర్చి గోడ పక్కనే. ఎండ కళ్ళలో కొట్టకుండా అందరూ చర్చికి వీపు పెట్టి కుర్చీలు వేసుకున్నారు. ఒదీలియా ఆ దృశ్యాన్ని చూసి ఫోన్ తీసింది. ఫోన్‌లోని ఫోటోకూ దీనికీ ఒకటే తేడా, అమ్మమ్మ ఇప్పుడు మొదటి వరసలో ఉంది.

"మనకు మౌనంగా కూర్చునే ఆచారం లేదనేవాళ్ళు లేచి చెప్పండి," అన్నాడు అన్సెల్మో.

ఎవరూ లేవలేదు. ఉందనేవాళ్ళను అడిగాడు. వాళ్ళూ లేవలేదు. సాంతా ఒబ్దూలియా సభలో మొదట నోరు విప్పినవాళ్ళను ఆ విషయం మీద కమిటీకి అధ్యక్షులను చేస్తారు. ఏడాదిపాటు, జీతం లేకుండా. మంచినీళ్ళ గొట్టం పగిలిందని చెప్పిన ఒకాయన ఇప్పటికీ మంచినీళ్ళ కమిటీలోనే ఉన్నాడు. అందుకని పెద్దలు కిందికి చూశారు, పడుచువాళ్ళు బూట్లు చూసుకున్నారు. తోమాసా కూడా శాలువా అంచు లెక్కపెడుతున్నట్టు కూర్చుంది. ఫిలెమోన్ టైపు మిషను మీద వేళ్ళు పెట్టి ఎదురుచూశాడు.

పావుగంట గడిచింది. అరగంట అయింది. ఒదీలియా గోడ పక్కన నిలబడి వాళ్ళను పరిశీలిస్తున్నాననుకుంది. తను దీనికి బయట ఉన్నానని, నోట్‌బుక్ ఉన్న మనిషి ఎప్పుడూ బయటే ఉంటుందని ఆమె నమ్మకం. కానీ లోపల వేరే గొంతు ఒకటి అడుగుతోంది. నీకు కావలసింది నిజమా, పాసవడమా? రెండూ ఒకటేనని ఆమె దానికి మూడుసార్లు చెప్పింది. మూడోసారికి తనకే నమ్మకం కలగలేదు.

అయిదవుతుండగా ఆమె నోట్‌బుక్ మీద చుక్క పడింది. కొండ వెనకనుంచి మబ్బు ఎప్పుడు వచ్చిందో ఎవరూ గమనించలేదు. రెండో చుక్క టైపు మిషను మీద పడింది. అందరి తలలూ ఒక్కసారే పైకి లేచాయి. నవంబరు నుంచి చుక్క ఎరగని ఊరు అది.

"ఇది యాదృచ్ఛికం!" అని ఒదీలియా అరిచింది. "రాసుకోండి! మే నెల కదా, వాన పడుతుంది! మీరు మాట్లాడకపోవడానికీ దీనికీ ఏ సంబంధమూ లేదు!"

సభ మొత్తం ఆమె వైపు తిరిగింది. ఆ ముఖాల్లో కోపం లేదు. ఎంతో ఊరట ఉంది.

"మాట్లాడింది," అన్నాడు అన్సెల్మో మృదువుగా. "మౌనం కమిటీ అధ్యక్షురాలిగా ఒదీలియా. వద్దనేవాళ్ళు?"

మళ్ళీ ఎవరూ మాట్లాడలేదు. కుర్చీలు నెత్తిన పెట్టుకుని వానలో ఇళ్ళకు పరిగెత్తారు.

"అమ్మమ్మా, నువ్వైనా ఒక్క మాట అనొచ్చు కదా!"

"నాకు కోళ్ళున్నాయే తల్లీ. కమిటీ అంటే మాటలా?"

ఫిలెమోన్ తడిసిన కాగితాన్ని ఆరబెట్టి ఆమె చేతికిచ్చాడు. జరిగింది జరిగినట్టు రాశాడు. పౌరులు తమ కుర్చీలతో వచ్చారు, చర్చికి వీపు పెట్టి కూర్చున్నారు, గంటసేపు మౌనం పాటించారు, వాన పడింది. అడుగున ముద్ర నిండుగా, అంచులు చెదరకుండా పడింది. ఇది ఉన్నదే కాబట్టి ఈసారి అన్సెల్మోకు ఏ సందేహమూ కలగలేదు.

ఆదివారం ఒదీలియా రెండు నివేదికలు రాసింది. మొదటిదాంట్లో ఆ కాగితం సంగతి లేదు. అది చక్కగా, నమ్మేలా ఉంది. సరిగ్గా ఆ వెబ్‌సైటులాగే ఉంది. దాన్ని చింపేసింది. రెండోదాంట్లో బాస్కెట్‌బాల్ నుంచి తన అరుపు వరకు అంతా పెట్టి, చివర, "ఈ ఆచారం శనివారం నాలుగు గంటల వరకు లేదు. అయిదు గంటలకు ఉంది. అందుకు కారణం నా విచారణ," అని రాసింది.

సోమవారం ప్రొఫెసర్ బెరెనీస్ దాన్ని నిలబడే చదివింది. చదవడం అయ్యాక కూర్చుంది.

"అంటే, ఆ వెబ్‌సైటు రాసింది ఇప్పుడు నిజమంటావా?"

"ఇప్పుడు నిజమే మేడమ్. రాసినప్పుడు అబద్ధం."

"నువ్వు నిష్పక్షపాతంగా ఉన్నావా?"

"లేను మేడమ్. అధ్యక్షురాలిని."

ప్రొఫెసర్ ఎర్ర సిరా కలం తీసింది. ఇరవై ఏళ్ళుగా చెబుతున్న పాఠం ఒకరికి అర్థమైనట్టుందని గొణుక్కుంటూ, పదికి తొమ్మిది వేసింది.

ఆ ఏడు వానలు దంచి కొట్టాయి. జూలైలో ఒదీలియాకు సాంతా ఒబ్దూలియా నుంచి ముద్ర వేసిన ఉత్తరం వచ్చింది. చిక్కుడు పంట చేలోనే కుళ్ళిపోయిందని, మౌనం కమిటీ వచ్చే సభలో సంజాయిషీ ఇవ్వాలని అందులో ఉంది.