తుప్పుదొరకు మామిడితోట

లోకంలో ఊరికే చెడ్డవాడిగా బతికే హక్కు ఇకపై ఎవరికీ లేదు. చిత్తూరులో ఒక డబ్బింగ్ సినిమాల ఆఫీసులో వెలసిన ‘విలన్ల పూర్వకథా పరిరక్షణ సంఘం’ చేసిన మొదటి తీర్మానమిది. అధ్యక్షుడు ఆఫీసు యజమాని ప్రేమానందం. కార్యదర్శి మాటల రచయిత మునిప్రసాద్. (సభ్యులను ఆహ్వానించారు. ఎవరూ రాలేదు.)

రెండో తీర్మానం: కార్టూన్‌లో విలన్‌కు ఏ దుఃఖముంటే, తర్వాత వచ్చే సినిమాలోనూ అదే ఉండాలి. దీన్ని పట్టుబట్టి పెట్టించింది మునిప్రసాదే. తొంభైల్లో టీవీకి వచ్చిన ఒక ఇంగ్లీషు కార్టూన్‌కు తెలుగు మాటలు రాసింది ఆయనే మరి. అందులో తుప్పుదొర అనే విలన్ రసాయనాల తొట్టిలో పడి చెడిపోతాడు. ఆ ముక్క తెలుగులో చిటికెలో అయిపోయింది గానీ తెరమీద పెదాలు ఇంకా ఆడుతూనే ఉన్నాయి. ఖాళీ పెదాలను చూసి ఓర్వలేక మునిప్రసాద్ తుప్పుదొరకు పూతలపట్టు దగ్గర ఒక మామిడితోట ఇచ్చాడు. గుజ్జు ఫ్యాక్టరీవాళ్లు కాయల మీద మచ్చలున్నాయని లోడును గేటు దగ్గరే తిప్పి పంపారని, ఆ కడుపుమంటతోనే తొట్టిలో దూకాడని రాసేశాడు. పిల్లలు నమ్మారు.

పదేళ్లకు అదే తుప్పుదొర సినిమాలోకి ఎక్కాడు. సినిమా తీసిన తెల్లదొరలు ఈసారి పూర్వకథ మార్చేశారు. చిన్నప్పుడు వీడు పియానో వాయిస్తుంటే వినడానికి నాన్న రాలేదట. అందుకని ఊళ్లు కూలుస్తున్నాడట.

“పియానో ఎదురుగా కనబడతా ఉండాది గదప్పా. తోట యాడ పెడతావు?” అన్నాడు ప్రేమానందం.

“అది పియానో కాదన్నా, ఫ్యాక్టరీ కాటా.”

“ఏడేండ్ల పిల్లోడికి తోటేందప్పా?”

“వాళ్ల నాయన రాసిచ్చినాడు.”

తీర్మానం తీర్మానమే కాబట్టి ప్రేమానందం ఒప్పుకున్నాడు. “సినిమా పోయిందంటే మాత్రం నువ్వు మళ్లా ఈ గడప తొక్కొద్దు,” అని కూడా చెప్పాడు.

తిరుపతిలో బొమ్మ పడేసరికి కాయల కాలం. లోడు వెనక్కొచ్చిన రైతులు హాలు నిండా ఉన్నారు. తుప్పుదొర కాటా ముందు కూర్చుని ఏడిస్తే వాళ్లూ ఏడ్చారు. ఎగురుకుంటూ వచ్చి హీరో అతన్ని గుద్దగానే ఒకాయన లేచి నిలబడ్డాడు.

“రేయ్, వాన్ని ఇడ్సిపెట్రా! పోయి ఫ్యాక్టరీవోన్ని కొట్టు!”

హీరోకు తెలుగు రాదు కాబట్టి విలన్‌నే కొట్టాడు. చెప్పులు తెరమీద పడ్డాయి. మర్నాడు హాలువాళ్లు బొమ్మ ఎత్తేశారు. సంఘం అత్యవసరంగా సమావేశమై, విలన్ ఎంత ఏడ్చినా ప్రేక్షకుడు ఏడవరాదని మూడో తీర్మానం చేసి, కార్యదర్శి పదవిని రద్దు చేసింది. (కార్యదర్శి కూడా చెయ్యెత్తాడు. అలవాటు.)

మునిప్రసాద్‌కు నిజంగానే కడుపు రగిలిపోయింది. తాను రాసిన మాటకు జనం ఏడవడం జన్మలో అదే మొదలు, దానికి బహుమానం ఇదా! ఇంటికొచ్చి, ఆవకాయకు ముక్కలు కొడుతున్న భార్య పంకజాక్షి ముందు నిలబడ్డాడు.

“ఈ పొద్దుతో నేను చెడిపోయినాను, సూస్కో! అన్యాయం జరిగినాది, అవమానం జరిగినాది. విలన్ అయ్యేదానికి ఇంగేం గావల్ల?”

పంకజాక్షి కత్తి ఆపకుండానే అడిగింది.

“చెడిపోవల్లంటే ముందు బాగుపడి ఉండల్ల గదా?”