మెల్ పక్కన చుక్క

నవ్వితే నవ్వండి గానీ, మధ్యలో మా ఆవిడని పిలిచి "నిజమేనా?" అని మాత్రం అడక్కండి. ఆవిడ చెప్తే ఇంకా ఘోరంగా ఉంటుంది.

తొంభై ఒకటిలో మేం మెల్బోర్న్‌లో సన్‌షైన్ అనే పేటలో ఉండేవాళ్ళం. పేరుకే సన్‌షైన్. ఆ ఏడు రిసెషన్‌కి ఫ్యాక్టరీలు వరసగా మూతపడి, మగాళ్ళందరం పట్టపగలు గేట్ల దగ్గర నిలబడి ఒకరి గడ్డాలు ఒకరం చూసుకునేవాళ్ళం. నన్నూ తీసేశారు. మా ఆవిడ మరియరాణి నర్సు కాబట్టి ఇల్లు నడిచింది. నేను గిన్నెలు తోమితే కప్పు పగిలేది, బట్టలు ఉతికితే తెల్లవన్నీ గులాబీ రంగుకి తిరిగేవి. ఎందుకూ పనికిరాకుండా పోయానని లోపల కుమిలిపోయేవాణ్ణి.

పక్కింటి మెల్విన్ ఒకప్పుడు ఎక్కడో పల్లెలో పెట్రోలు బంకు నడిపిన ముసలాయన. ఊపిరితిత్తులు పాడై, మరియ పనిచేసే వార్డులోనే చేరాడు. ఇక ఇంటికి రానని ఆయనకీ తెలుసు. ఒక్కటే కోరాడు. తన బంకులో పంపు నెత్తిన వెలిగిన తెల్లగాజు గ్లోబుని ఇంకోసారి వెలిగించి చూడాలట. దాని మీది ఎర్ర అక్షరాలు ఊడిపోయాయి, ఎవరిచేతైనా దిద్దించి తెమ్మన్నాడు.

మరియ దాన్ని ఆయన షెడ్డులోంచి తెచ్చి మా బల్ల మీద పెట్టింది.

"బోర్డులు రాసే సైన్‌రైటర్‌కి ఫోన్ చేశాను. రేపొస్తాడు."

"వాడెందుకే, నేను లేనూ?"

"మీరున్నారనే భయం."

"తెనాలి కాలేజీ ఎలక్షన్లకి గోడలన్నీ నేనే రాశాను."

"మీరు రాసిన కేండిడేటు గెలిచాడా?"

"ఇంటిపేరు కొంచెం తప్పు పడి..."

"అదే మరి. ముట్టుకోకండి," అని డ్యూటీకి వెళ్ళిపోయింది.

ఆవిడ తిరిగొచ్చేసరికి రాసి పెట్టేద్దామనుకున్నాను. ఒక్కసారి "పర్లేదే" అంటే చాలు, ఆ ఏడంతా బతికేసేవాణ్ణి.

గ్లోబు మీద "మెల్" అన్న ఇంగ్లీషు అక్షరాలు మూడూ లీలగా కనిపిస్తున్నాయి. పక్కనంతా ఎర్ర పెచ్చులే. ముందు మురికి వదిలిద్దామని థిన్నర్ గుడ్డతో తుడిచాను. మురికీ పోయింది, పెచ్చులూ పోయాయి, మెల్లూ పోయాడు. గ్లోబు గుండు కొట్టించుకున్నట్టు మెరిసింది. నాకు చుక్కలు కనిపించాయి.

వార్డుకి ఫోన్ చేసి మెల్విన్‌కే ఇమ్మన్నాను. "దాని మీద ఏం రాసుండేది, మెల్విన్?"

"మెల్..." దగ్గు. మళ్ళీ దగ్గు. "అండ్ డాట్."

"అంతేనా?"

"దట్స్ ఎవ్రీథింగ్, మేట్."

అంత వెడల్పు గ్లోబుకి మూడక్షరాలూ ఒక చుక్కానా అనుకున్నాను. తెల్లవాళ్ళకి ఖాళీ జాగా అంటే ఇష్టం కదా, సరే. మూడక్షరాలూ రాశాను. చుక్కకి మందుసీసా మూత పెట్టి గీసుకుని మరీ రంగు నింపాను. నా జన్మలో అంత గుండ్రంగా ఏదీ చెయ్యలేదు, చపాతీలతో సహా.

మధ్యాహ్నమే మరియ పరిగెత్తుకొచ్చింది. "మెల్విన్‌కి బాలేదు. సాయంత్రం దాకా ఉంటాడో ఉండడో. ఎలా ఉన్నది అలాగే పట్టుకెళ్ళిపోదాం," అంటూ బల్ల వైపు చూసి ఆగిపోయింది.

"డాట్ ఏదీ?"

"ఇదిగో."

"ఇది చుక్క!"

"డాట్ అంటే చుక్కేగా?"

"డాట్ అంటే డొరోతీ! చచ్చిపోయిన ఆయన భార్య!"

"ఎప్పుడూ మిస్సస్, మిస్సస్ అనేవాడు. పేరెక్కడ చెప్పాడు?"

"బంగారంలాంటి ఆడమనిషిని చుక్కని చేసి కూర్చోబెట్టారు కదండీ!"

"ఇప్పుడు రాసెయ్యనా?"

"అక్కడ ఆయన ప్రాణం పోతోంది. ఎక్కండి కారు."

రంగు తడి ఆరని గ్లోబుని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. "రంగు అయిపోయిందని చెప్దామా?" అన్నాను.

"మీరు నోరు తెరవకండి. దీపం సంగతి చూడండి చాలు."

మంచం పక్క ల్యాంపుకి తొడుగు తీసి, బల్బు మీద గ్లోబు బోర్లించి స్విచ్చి వేశాను. మెల్విన్ మొహం మీద తెల్లటి వెలుగు పడింది. కళ్ళు చికిలించి చూశాడు.

"డాట్ ఏదీ?" అన్నాడు.

నాకు ఏడుపొచ్చింది. పోతున్న మనిషికి పెళ్ళాన్ని చెరిపేశాను.

మరియ ఆదివారం బడిలో పిల్లలకి అబద్ధం పాపమని చెప్పే మనిషి. వంగి, చుక్క చూపించింది. "ఇదే డాట్. మా తెలుగులో చుక్కంటే నక్షత్రం కూడా. ముందు వెళ్ళిపోయినవాళ్ళని మేం ఇలాగే రాస్తాం," అంది ఇంగ్లీషులో, కన్ను కూడా ఆర్పకుండా.

మెల్విన్ తల ఎత్తి చుక్కని చూశాడు. తర్వాత దగ్గుతూ నవ్వాడు.

"ఫుల్‌స్టాప్! అచ్చం డాటే. నేను నోరు తెరిస్తే అక్కడితో ఆపేసేది."

చెయ్యి చాచి చుక్క మీద వేలు ఆనించాడు. వేలికి ఎరుపు అంటింది. దీపం ఆర్పొద్దన్నాడు. ఆ సాయంత్రం అది వెలుగుతుండగానే పోయాడు. ఒళ్ళంతా తుడిచి శుభ్రం చేసిన మరియ, ఆ వేలు మాత్రం తుడవలేదు.

గ్లోబు మా వంటింట్లోకి వచ్చింది. "ఇప్పుడైనా డాట్ అని సరిగ్గా రాస్తానే," అన్నాను.

"ఆ చుక్కలో ఆయన వేలిముద్ర ఉంది. ముట్టుకోకండి," అంది.

ఇప్పటికీ ఏ గొడవలోనైనా నేను గొంతు పెంచితే మరియ మాట్లాడదు. ఆ చుక్క వైపు వేలు చూపిస్తుంది. నేను లేచి గిన్నెలు తోముకుంటాను.