వెంకటరామారావు వ్యవసాయ చదువు

ఆ గురువారం తెల్లవారేసరికి వెంకటరామారావు చేతిలో ఉన్నవి మూడు. టేకులపల్లి రోడ్డు మీద ఎరువులు, విత్తనాల దుకాణం. దాని వెనుక ఒక గోడౌన్. పదిహేడో ఏట వ్యవసాయ డిప్లొమాలో సీటు వచ్చిందని చెప్పే ఉత్తరం. దుకాణం నడిచింది, గోడౌన్ పనికొచ్చింది. ఉత్తరం ఒక్కటే ముప్పై తొమ్మిదేళ్లుగా కదలని సరుకు. ఆ ఏడు తండ్రికి పక్షవాతం రావడంతో కుర్రవాడు కాలేజీకి బదులు గల్లాపెట్టె ముందు కూర్చున్నాడు. డిప్లొమా పిల్లలెవరైనా దుకాణానికి వస్తే ఈనాటికీ వాళ్ల రికార్డు పుస్తకం అడిగి తీసుకుంటాడు. బొమ్మలన్నీ చూసి గాని తిరిగి ఇవ్వడు.

ఆ గోడౌన్‌లోనే ఉదయ్ భాస్కర్ అనే మాస్టారు ఏడాదిగా ఒక కోయగూడెం రైతులు పన్నెండు మందికి సాగు పాఠాలు చెబుతున్నాడు. ఆ తరగతికి డబ్బిచ్చే విదేశీ సంస్థ వాళ్లు దాన్ని చూడటానికి ఇవాళ వస్తున్నారు. అవసరం ఉందని నమ్మితే ఇక్కడే వ్యవసాయ విస్తరణ శిక్షణ కాలేజీ కట్టిస్తారు. రెండేళ్ల చదువు, వయసుతో పని లేదు. ఆ చివరి మాట విన్ననాటి నుంచి వెంకటరామారావుకు అన్నం సయించడం లేదు. మొదటి బ్యాచ్‌లో చేరతానని భార్య పున్నమ్మకు ఒక్కదానికే చెప్పాడు.

పొద్దున వేసుకున్న ప్లాను తేలికైనది. పదకొండింటికి అతిథులు వస్తారు, విద్యార్థులు హాజరు పలుకుతారు, వెనక మడిలో చిక్కుడుకాయలు తెంపి చూపిస్తారు. తొమ్మిదిన్నరకు పన్నెండు మందిలో ఒక్క జంపక్క వచ్చింది.

"ఇయ్యాల మా ఊర్ల కొత్తల పండుగ సార్. దూలయ్య పెద్దాయన నిన్ననే దినం చెప్పిండు. ఎవ్వరూ రారు."

"ఫారినోళ్లు వస్తున్నరని నెల నుంచి చెప్తున్న గదా జంపక్కా," అన్నాడు మాస్టారు.

"వాళ్లను రేపు రమ్మనుర్రి. పండుగను రేపు రమ్మనలేం గదా. ఇంకో మాట, మీ మడిల చిక్కుడు గూడ తెంపకుర్రి. దేవునికి కొత్త పెట్టందే కొత్త కాయ ముట్టొద్దు." ఆమె వచ్చిన ఆటోలోనే వెళ్లిపోయింది.

మాస్టారు మెట్టు మీద కూలబడ్డాడు. "కాలేజీ పోయింది రావు గారూ."

ఖాళీ బెంచీ అయినా ఖాళీ అర అయినా వ్యాపారి కంటికి ఒకటే. "మీకు కావలసింది పన్నెండు మందే కదండీ," అన్నాడు వెంకటరామారావు. దుకాణం హమాలీలు నలుగురు. టీ కొట్టు సైదమ్మ. స్ప్రేయర్ బాగుచేయించుకోవడానికి వచ్చిన రాంబాబు, అతని వెంట ఇద్దరు కూలీలు. జూలూరుపాడు బస్సు కోసం నిలబడ్డ ఇద్దరు. పదకొండో మనిషిగా పున్నమ్మను వంటింట్లోంచి పిలిచారు. పన్నెండో మనిషి ఎవరని ఎవరూ అడగకముందే వెంకటరామారావు మొదటి బెంచీలో కూర్చున్నాడు.

"నా టీ పొంగుతది షావుకారూ," అంది సైదమ్మ.

"పాఠం అయ్యేదాకా స్టవ్ ఆపెయ్."

"బెంచీ మోస్తుందో లేదో చూసుకోండి," అంది పున్నమ్మ. "నా వైపు కాదు, బోర్డు వైపు చూడండి."

చిక్కు హాజరు పట్టీ దగ్గర వచ్చింది. అందులో ఉన్నవి గూడెం వాళ్ల పేర్లు. మాస్టారు తలా ఒకటి పంచాడు. పున్నమ్మ వనజ అయింది, సైదమ్మ యశోద అయింది. ఇన్నేళ్లుగా తరగతిలో తన పేరు పిలిస్తే వినాలనుకున్న మనిషికి బాలకృష్ణ అనే పేరు వచ్చింది. అయినా అతిథుల ముందు ఆ పేరు పిలవగానే లేచి నిలబడి "ప్రెజెంట్ సార్" అన్నాడు.

విదేశీ మేడం మాటలు తెలుగులో చెప్పడానికి హైదరాబాద్ నుంచి వచ్చిన రాజ్యశ్రీ పట్టీ చూసింది. "బాలకృష్ణ, వయసు ఇరవై మూడు అని ఉందే."

"ఎండలో పని మేడం," అన్నాడు వెంకటరామారావు.

మేడం మొదటి ప్రశ్న వేసింది. మిరప ఆకు ముడుచుకుంటే ఏం చేస్తారు?

"ఎటు ముడుచుకుందో చూస్తామండి. పైకైతే తామర పురుగు, కిందికైతే నల్లి. వెంటనే పరుగెత్తి మందు కొనకూడదు. ముందు నీలం జిగురు అట్టలు కట్టి చూసుకోవాలి."

ఇన్నేళ్లు ఆ మందులే అమ్మిన మనిషి నోట ఆ మాట విని హమాలీలు మొహాలు చూసుకున్నారు. తరవాతి ప్రశ్నకూ అతనే లేచాడు. ఆ తరవాతి దానికీ అతనే. మాస్టారు కళ్లతో చాలంటున్నాడు, చేత్తో చాలంటున్నాడు, చివరికి డస్టర్ కింద పడేశాడు. బాలకృష్ణ ఆ డస్టర్ తీసి ఇచ్చి, మళ్లీ జవాబు అందుకున్నాడు. ధైర్యం వచ్చి రాంబాబు పామాయిల్ పాదుల గురించి పావుగంట చెప్పాడు. మడిలో మేడం చిక్కుడుకాయ మీద చెయ్యి వేయబోతే వనజ అడ్డుపడి, కొత్త పెట్టనిది ముట్టకూడదంది. మేడం అదీ రాసుకుంది.

"ఆఖరి ప్రశ్న," అంది రాజ్యశ్రీ, అందరూ మళ్లీ బెంచీల్లో కూర్చున్నాక. "ఇన్ని తెలిసిన మీకు ఇంకా రానిదేమిటి?"

వెంకటరామారావు లేచాడు. తనకు కావలసింది ఈ బెంచీ, ఈ సుద్ద వాసన, ఇలా లేచి నిలబడటం. రేపు కూడా రావచ్చనే ఒక మాట. ఇవేవీ సాగుబడి కిందికి రావు. "ఏమీ లేదండీ," అన్నాడు.

నలభై రోజులకు ఉత్తరం వచ్చింది. ఇక్కడి రైతుల స్థాయి చూసి సంస్థ ఎంతో సంతోషించింది. కాబట్టి కాలేజీని ఇంతకంటే అవసరం ఉన్న జిల్లాకు ఇచ్చింది. లక్ష్యం నెరవేరింది గనుక నెలాఖరుకు గోడౌన్ తరగతి మూసేయమంది. పన్నెండు మందికీ సర్టిఫికెట్లు పంపింది.

వాటి కోసం అసలు బాలకృష్ణ, జంపక్క దుకాణానికి వచ్చారు. బాలకృష్ణ తన కాగితాన్ని అటూ ఇటూ తిప్పాడు. "ఏంది, నేను ఫస్టు క్లాసా?"

"నీ అంత బాగా ఎవరూ చెప్పలేదు బాబూ," అన్నాడు వెంకటరామారావు.

"మేం రాని దినమే పాసైతే, ఏడాదంతా రోజూ ఎందుకు రమ్మన్నరు?" అంది జంపక్క. జరిగింది మాస్టారు అప్పటికే చెప్పేశాడు. "రానిదేందని మేడం అడిగిందట. నాకు రానివి చాన ఉండె షావుకారూ. నన్నడిగితే చెప్తుంటి."

ఆమె కాగితం మడిచి కొంగున కట్టుకుంది. వాళ్ల ఆటో మలుపు తిరిగేదాకా చూసి వెంకటరామారావు గోడౌన్‌లోకి వెళ్లాడు. హమాలీలు బెంచీలు బయటికి మోస్తున్నారు. మొదటి బెంచీని ఆఖరున మోయమని చెప్పి, కాసేపు దాని మీద కూర్చున్నాడు.

కాలేజీ వేరే జిల్లాకు పోయింది, తరగతి మూతపడింది, ఫస్టు క్లాసు బాలకృష్ణ పట్టుకెళ్లాడు. ఖర్చులన్నీ పోను వెంకటరామారావుకు నికరంగా మిగిలింది ఒక పూట పాటు ఇరవై మూడేళ్ల వయసు.