హాల్లో ఆరబెట్టిన పడవ

ఆ ఆదివారం ఉదయం డ్రాయింగు మాస్టారు పెట్టుకున్న పని ఒక్కటే. వేసవంతా చేపలు పట్టడానికి వాడిన గాలిపడవను కడిగి, ఆరబెట్టి, మడిచి అటకెక్కించడం. తడిమీద చుట్టేస్తే బూజు పడుతుందని అమ్మినవాడు మరీ మరీ చెప్పాడు. గాలి నింపితేగాని మడతల్లో తడి ఆరదు. బయట చూస్తే వాన. భార్య గొడుగేసుకుని కూరగాయలకు వెళ్ళింది. మాస్టారు బాల్కనీలో పడవ కడిగి తెచ్చి, హాల్లో పరిచి, కరెంటు పంపు తగిలించారు.

పడవ ఒళ్ళు విరుచుకుంటూ లేచింది. సోఫాను నెట్టింది. టీపాయిని గోడకు నొక్కింది. ఇక చాలనుకుని మాస్టారు గొట్టం లాగబోతే, అది పుటుక్కున విరిగి, ముక్క కాస్తా గాలి రంధ్రంలో బిరడాలా దిగబడిపోయింది. అప్పటికే లోపలికి తెరుచుకునే వీధి తలుపును పడవ ఒక కొస, బయటికి తెరుచుకునే బాత్రూం తలుపును మరో కొస అదిమిపట్టాయి. బాత్రూంలో కుళాయి చప్పుడు వినబడేసరికి ఆయన పంపు వదిలేసి అటు తిరిగారు. లోపల అత్తగారు.

“అత్తయ్యగారూ, కాస్త ఓపిక పట్టండి. ఇప్పుడే తీసేస్తాను.”

గొంతు పెంచి పిలిచినా ఉలుకూ పలుకూ లేదు. ఇంతలో వీధి తలుపు బెత్తెడు తెరుచుకుని ఆగిపోయింది.

“ఏమండీ, తలుపుకి ఏం అడ్డం పెట్టారు?”

“పడవ.”

“మా అమ్మేది?”

“పడవకి అవతల. పిలుస్తుంటే పలకడం లేదు.”

భార్య చేతిలో సంచి జారి, టమాటాలు మెట్లమీద దొర్లాయి. “అమ్మ పడవ వెనక ఇరుక్కుపోయింది, పలకడం లేదు,” అని కింది వాటా టైలరుతో చెప్పి ఏడ్చింది. టైలరు గేటు దాకా పరిగెత్తేసరికి అది ‘పడవలో ఇరుక్కుపోయింది’ అయింది. వీధి చివర కొట్టుకు చేరేసరికి, పడవ మునిగి ఎవరో ముసలావిడ కొట్టుకుపోతోంది. కొట్టు దగ్గరున్న వాళ్ళెవరో అయ్యో పాపమని ఫైరు స్టేషనుకి ఫోన్ చేశారు.

కాసేపటికి తాళ్ళూ లైఫు జాకెట్లతో గజ ఈతగాళ్ళు మూడో అంతస్తుకు ఎక్కి వచ్చారు.

“నీళ్ళెక్కడమ్మా?” అన్నాడు వాళ్ళ నాయకుడు రొప్పుతూ.

“బాత్రూంలో.”

నాయకుడు తలుపు సందుకు కన్ను పెట్టాడు. పడవ కనబడగానే నడుముకున్న కత్తి దూశాడు. “ఆగండి, గొట్టం ముక్క ఊడొస్తోంది,” అని మాస్టారు లోపల్నుంచి అనేలోపే కత్తి దిగింది. ఆ పేలుడుకి పైకప్పు సున్నం రాలింది. మాస్టారు సోఫా వెనక తేలారు. భార్య పడవ తొక్కుకుంటూ వెళ్ళి బాత్రూం తలుపు లాగింది.

బకెట్టు నిండి పొర్లుతోంది. మనిషి లేదు. కిటికీ ఊచలు కిటికీకే ఉన్నాయి. లేచి వచ్చిన మాస్టారు ఎందుకైనా మంచిదని బకెట్లోకి కూడా తొంగిచూశారు.

“జరగండి నాయనా, జరగండి.”

మెట్లమీది గుంపును తోసుకుంటూ అత్తగారు వచ్చింది, చేతిలో కొత్త సబ్బుతో. “అమ్మా, నువ్వా!” అని భార్య అరిచింది. అల్లుడు బాల్కనీలో ఉండగా కుళాయి వదిలి, బకెట్టు నిండేలోగా వచ్చేద్దామని కొట్టుకు వెళ్ళిందట. సున్నంలో మునిగిన అల్లుణ్ణి ఆవిడ పట్టించుకోలేదు. నాయకుడి చెయ్యి పట్టుకుని కళ్ళొత్తుకుంది.

“ఫోన్ చేసింది నేనే నాయనా. పాపం, ఆ ముసలావిడ దొరికిందా?”

నాయకుడు మాస్టారి వంక చూశాడు. మాస్టారు తల దించుకున్నారు.

“దొరికిందమ్మా,” అన్నాడతను కత్తి ఒరలో పెట్టుకుంటూ. “క్షేమంగానే ఉంది. పడవే పోయింది.”