ఆరు గళ్ల పోస్టరు

ఆ రోజుకి ప్రెస్సాయన వేసుకున్న పథకంలో తిరకాసేమీ లేదు. ఎనిమిదింటికి ప్రింటింగ్ ప్రెస్సు తెరవడం, మిషన్ మీదున్న పని దింపించడం, పదిన్నరకల్లా అక్కని బండెక్కించుకుని వెళ్లి ఆసుపత్రిలో చేర్పించడం. అక్క రొమ్ములో గోళీకాయంత గడ్డ తేలింది. క్యాన్సరే గానీ తొలిదశలోనే దొరికిందని, ఇప్పుడు తీసేస్తే నయమవుతుందని, జాప్యం మాత్రం వద్దని డాక్టరమ్మ రెండుసార్లు నొక్కి చెప్పింది.

అక్క ముప్పై ఏళ్లు లెక్కలు చెప్పిన పంతులమ్మ. ఎవరి మాటా ఊరికే నమ్మే రకం కాదు. అలాంటి మనిషి వారం రోజులుగా పసరు గురువు వీడియోలకి అతుక్కుపోయింది. క్యాన్సర్‌కి కత్తీ వద్దు, మందులూ వద్దు, పూటకి రెండు చెంచాల పచ్చ పసరు చాలంటాడాయన. డాక్టర్లు తిట్టేకొద్దీ ఆయన సభలకి జనం పెరుగుతున్నారు. కత్తి పేరెత్తితే అక్కకి గుండె దడ. అందుకే పొద్దున్నే ఫోన్ చేసి ఆసుపత్రికి రానని, పదింటికి గురువు సభలో నయమైన వాళ్లని కళ్లారా చూస్తానని తేల్చేసింది. తమ్ముడికి కాళ్లూ చేతులూ ఆడలేదు. పైగా ఆ సభ పోస్టరు వేసింది తనే. పని పనే కదా అని ఒప్పుకున్నప్పుడు, అక్క అటు మొగ్గుతుందని ఆయనకి తెలియదు.

ప్రెస్సాయనకి ఓ అలవాటుంది. పోస్టరుకి ఫొటోలు అందకపోతే గళ్లు ఖాళీగా వదలడు. తన కంప్యూటర్లో ఉన్న ఇంట్లోవాళ్ల మొహాలు తాత్కాలికంగా అతికించి నమూనా పంపిస్తాడు. నయమైన రోగుల కోసం గురువు ఆరు గళ్లు వేయమన్నాడు. పేర్లు వద్దు, జబ్బులు చాలని వాటి జాబితా ఇచ్చాడు. ఫొటోలు సాయంత్రం పంపుతానని చెప్పి పంపలేదు గానీ, నమూనా చూసి మాత్రం దివ్యంగా ఉంది, వేసేయండి అని జవాబిచ్చాడు. అక్క బెంగలో ఉన్న ప్రెస్సాయన ఆ జవాబుని ఉన్నపళంగా మిషన్ మనిషికి పంపి, ఇంటికెళ్లి పడుకున్నాడు.

రాత్రికి రాత్రే పోస్టర్లు గోడలెక్కాయి. అందువల్ల పొద్దున ఆయన వీధిలోకి రాగానే ఎదురింటాయన రెండు చేతులూ పట్టుకుని కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. ఇంత జబ్బు కడుపులో దాచుకుని మా అందరితో నవ్వుతూ తిరిగావా అన్నాడు. ఏ జబ్బని అడిగితే గోడ చూపించాడు. మొదటి గడిలో ప్రెస్సాయన, కాలేయం. రెండో గడిలో భార్య, రక్తం. మూడో గడిలో అత్తగారు, గొంతు. ఆ గొంతుకి పూటైనా విశ్రాంతి దొరికిన సంగతి ఇంట్లో ఎవరూ ఎరగరు. తర్వాత బావ, ఆ తర్వాత మిషన్ మనిషి. ఆరో గడిలో అక్క చక్కగా నవ్వుతోంది. కింద ఎర్రటి అక్షరాలు: రొమ్ము క్యాన్సర్, నాలుగో దశ, నలభై రోజుల్లో మాయం.

తొమ్మిదిన్నరకల్లా ఫోన్లు మొదలయ్యాయి. బ్యాంకులో భార్యని మేనేజరు కుర్చీలోంచి లేవనివ్వడం లేదట. అత్తగారిని పరామర్శించడానికి అప్పుడే పదకొండు మంది వచ్చారట. ఆవిడ మొదటి ముగ్గురి మీద మండిపడి, నాలుగో మనిషి నుంచి తన జబ్బు ఎలా వచ్చిందో వివరంగా చెప్పడం మొదలుపెట్టిందట.

ప్రెస్సాయన బండి మీద సభకి ఉరికాడు. తన మొహాన్ని గోడలకెక్కించిన తమ్ముడి మాట అక్క ఇక జన్మలో వినదని, ఆపరేషన్ ఆశ అంతటితో సరని ఆయన భయం. గుమ్మంలోనే జనం ఆయన్ని గుర్తుపట్టి, కాలేయం ఆయన వచ్చాడంటూ చుట్టుముట్టారు. చెంచాలు తిండికి ముందా, తర్వాతా అని అడిగారు. నేనసలు తాగలేదండీ అంటే అది వినయమనుకుని, గౌరవంగా తీసుకెళ్లి ముందు వరుసలో కూర్చోబెట్టారు. పక్క కుర్చీలో అక్క ఉంది. వేదిక మీద వేలాడుతున్న పెద్ద పోస్టరుని కళ్లజోడు సర్దుకుని గడి గడీ చదువుతోంది. తమ్ముడి వైపు తిరగలేదు.

గురువు కర్రతో ఆరో గడి చూపించాడు. "ఈ తల్లిని నా దగ్గరికి మోసుకొచ్చారు. నా చేత్తో నేనే పసరు పోశాను."

అక్క లేచి నిలబడింది. "ఆవిడ ఇప్పుడెలా ఉందండీ?"

"బ్రహ్మాండంగా ఉందమ్మా. నిన్ననే ఫోన్ చేసింది."

"ఏమంది?"

"పునర్జన్మ ఇచ్చారని ఒకటే ఏడుపు."

అక్క కళ్లజోడు తీసేసి, వెనక్కి తిరిగి, జనానికి అచ్చం ఫొటోలో ఉన్నట్టే నవ్వింది. వెనక వరుసలో ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ నవ్వు ముందు వరుస దాకా పాకేసరికి గురువు పోస్టరు వంక ఒకసారి, అక్క వంక ఒకసారి చూసి మంచినీళ్లు అడిగాడు.

బయటికొచ్చాక తమ్ముడు తల దించుకుని ఏదో చెప్పబోయాడు. అక్క వినిపించుకోలేదు.

"నేనెవరో తెలియదు, నా జబ్బేమిటో తెలియదు, అయినా నయం చేసి పారేశాడు. ఇంత సులువుగా వచ్చే జవాబుని నేను పిల్లల దగ్గరే ఒప్పుకోలేదురా. నాకు భయంగానే ఉంది. అయినా సరే, బండి తియ్యి."

ఆపరేషన్ అయ్యాక, గడ్డ మొత్తం వచ్చేసిందని, ఎక్కడికీ పాకలేదని డాక్టరమ్మ చెప్పినప్పుడు ప్రెస్సాయన ఆసుపత్రి వరండాలో అందరి ముందూ ఏడ్చాడు. ఆయన జీవితంలో అంత సంతోషంగా ఎప్పుడూ ఏడవలేదు.

రెండు నెలలకి గురువు దగ్గర్నుంచి ప్రెస్సుకి కబురొచ్చింది. కొత్త పోస్టరు కావాలట. ఐదు గళ్లలో ఫొటోలు మార్చేయమన్నాడు. ఆరో గడిలో ఆవిడకి నిజంగానే నయమైందని తెలిసింది కనుక, ఆవిణ్ణి మాత్రం అలాగే ఉంచమన్నాడు.