స్థలాభావం వల్ల సేవ నిలిపివేత

మే నెల రెండో మంగళవారం ఉదయం పదకొండు గంటల పది నిమిషాలకు నందిగామలో సేవ నిలిచిపోయింది. పరోపకార పారిజాత సమితి కార్యాలయం తలుపుకి అంటించిన కాగితం మీద విషయం స్పష్టంగానే ఉంది: ‘కంప్యూటర్‌లో స్థలాభావం వల్ల దానధర్మాలు తాత్కాలికంగా నిలిపివేయడమైనది. లబ్ధిదారులు సహకరించగలరు.’ లబ్ధిదారులు సహకరించారు. వాళ్ళకి అది అలవాటే.

ఆ కాగితం టైపు చేసి అంటించింది రాజ్యశ్రీ. సమితిలో ఆమె హోదా కంప్యూటర్ ఆపరేటర్. ఫొటోలు తీసేదీ, దాచేదీ, వాటి కింద పొగడ్తలు రాసేదీ ఆమే. దానం చెయ్యడం ఒక్కటే అధ్యక్షులవారి చేతిలో ఉండేది.

అధ్యక్షులు భవానీప్రసాద్ గారికి బస్టాండు ఎదురు సందులో పురుగుమందుల దుకాణం ఉంది. ఆరేళ్ళ క్రితం ఒక మధ్యాహ్నం ఆయనకి జాలి కలిగింది. కలిగిన సమయంలో పక్కన ఎవరో ఫొటో తీశారు. ఫొటో బాగా వచ్చింది. సమితి పుట్టింది.

ఆరేళ్ళలో ఎనభై నాలుగు వేల ఫొటోలు పోగయ్యాయి. వాటికోసం ఒక ఆన్‌లైన్ ఖాతా తెరిచారు. అధ్యక్షుల ఫోను, వారి శ్రీమతీ సమితి కార్యదర్శీ అయిన భారతీదేవి గారి ట్యాబు, ఆఫీసు కంప్యూటర్, మూడూ ఆ ఖాతాకే ముడిపడి ఉండేవి. ఒకచోట చేరిన ఫొటో మూడుచోట్లా కనిపించేది. ఆ లెక్కన ఒకసారి ఇచ్చిన దుప్పటి మూడుసార్లు ఇచ్చినట్టయ్యేది.

ఇవ్వడం అన్న మాటని ఇక్కడ కొంత వివరించాలి. సమితికి పదకొండుమంది శాశ్వత లబ్ధిదారులున్నారు. కార్యక్రమం ఉన్న రోజు జాన్‌బాషా వాళ్ళని తన ఆటోలో తీసుకొస్తాడు. వాళ్ళు వరసగా నిలబడి వస్తువు పట్టుకుంటారు. ఫొటో తీసి రాజ్యశ్రీ ‘అయిపోయిందండి’ అన్నాక వస్తువు బీరువాలోకి, వాళ్ళు ఆటోలోకి వెళ్తారు. తలా ఒక అరటిపండు ఇస్తారు. ఈ పద్ధతిలో పదకొండు దుప్పట్లు, మడత విప్పకుండానే, ఆరు చలికాలాలు నాలుగు మండలాల పేదల్ని కాపాడాయి. ఇందులో మోసమేమీ లేదు. లబ్ధిదారులకి తెలుసు, సమితికి తెలుసు, ఆ ఫొటోల కింద చేతులు జోడించిన బొమ్మలు పెట్టే మనకీ తెలుసు.

స్థలం ఖాళీ చెయ్యడానికి రాజ్యశ్రీ మొదట సులువైన దారే చెప్పింది. “ఒకేలాంటివి నలభై నలభై ఉన్నాయి సార్. ఒక్కోటి ఉంచి తక్కినవి తీసేద్దామండి.”

అధ్యక్షులు కళ్ళజోడు సవరించుకుని తెర ముందు కూర్చున్నారు. “ఇదిగో, ఇందులో నా చెయ్యి చూడమ్మా. ఇస్తోంది. దీంట్లో ఇచ్చేసింది. రెండూ ఒకటెట్లా అవుతాయి?”

“ఇందులో కళ్ళు మూసుకున్నారండి.”

“ఇచ్చేటప్పుడు కళ్ళు మూసుకున్నామంటే ఫలితం ఆశించట్లేదని అర్థం. అది ఉంచు.”

మూడు గంటల పరిశీలన తర్వాత ఒక ఫొటో తొలగింపుకి అనుమతి లభించింది. అందులో ఆయన లేరు.

మర్నాడు రాజ్యశ్రీ ఖాతాలో ఇంకో సదుపాయం కనిపెట్టింది. అసలు ఫొటోలు ఆన్‌లైన్‌లో ఉంటాయి, కంప్యూటర్‌లో వాటి చిన్న నకళ్ళు మాత్రం ఉంటాయి, కావలసినప్పుడు పెద్దది దిగుతుంది. ఆమె ఆ మీట నొక్కింది. గంటలో సగం కంప్యూటర్ ఖాళీ అయింది. ఆమెని శాలువాతో సత్కరించాలని నిర్ణయించి, ఫొటో కోసం బీరువాలోంచి శాలువా తీశారు కూడా. అంతలో భారతీదేవి గారు అడిగారు, “అయితే ఇప్పుడు కంప్యూటర్‌లో మావారు చిన్నగా ఉన్నారా?”

“ఫొటో చిన్నదండి. మనిషి కాదు.”

శాలువా బీరువాలోకి వెళ్ళిపోయింది. అధ్యక్షులు లేచి నిలబడ్డారు. గదిలో ఉన్నది ముగ్గురే అయినా ఆయన సభకే ప్రసంగించారు. “నా ప్రతిష్ఠ గురించి కాదు నేను మాట్లాడేది. నన్ను ఎంత చిన్నగానైనా చెయ్యండి, భరిస్తాను. కానీ నా చేతిలోంచి అందుకునే ఆ పేదవాణ్ణి చిన్నచేసే హక్కు ఈ యంత్రానికి ఎవరిచ్చారని అడుగుతున్నాను.” భారతీదేవి గారు ఒక చేతిలో ట్యాబు ఉండటం వల్ల రెండో చేత్తో బల్లని చరిచి హర్షం ప్రకటించారు. పేదవాడు తిరిగి పెద్దవాడయ్యాడు. కంప్యూటర్ తిరిగి నిండింది.

గురువారం మధ్యాహ్నం అధ్యక్షులు సమస్యని స్వయంగా చేతిలోకి తీసుకున్నారు. ఆయన ఆలోచన సూటిగా ఉంది. ఒకే ఫొటో మూడుచోట్ల ఉండటం దుబారా. కంప్యూటర్‌లో ఉంటే చాలు.

“ఫోన్‌లోవి నేను తీసేశాలే అమ్మా,” అన్నారు, కుర్చీలో వెనక్కి వాలి.

“ఏవి తీసేశారండి?”

“అన్నీ.”

ఇవి అన్ని పరికరాల నుంచీ పోతాయి, సమ్మతమేనా అని ఫోను అడిగే ఉంటుంది. ఆయన సమ్మతించే ఉంటారు. కింద రాసి ఉన్నది చదవకుండా ‘అంగీకరిస్తున్నాను’ అని నొక్కడం మనందరం చేసే పనే కనుక ఆయన్ని తప్పుపట్టలేం.

రాజ్యశ్రీ కళ్ళముందే తెర మీది ఫొటోలు వరసలు వరసలుగా వెళ్ళిపోసాగాయి. ముందు మొక్కలు పోయాయి. తర్వాత దుప్పట్లు. మున్నేటి వరదసాయం కాసేపు నిలబడి కొట్టుకుపోయింది. ఆమె లేచి ఇంటర్నెట్ వైరు పీకేసరికి తెర మీద మిగిలింది ఒక్క వాక్యం: ఇక్కడ ఫొటోలేమీ లేవు. మీట నొక్కింది ఆయనే అయినా, ఉద్యోగం పోయేది ఎవరిదో ఆమెకి తెలుసు. అమ్మకి ఏ మాటలతో చెప్పాలో అప్పుడే కూర్చుకోవడం మొదలుపెట్టింది.

“కంప్యూటర్లు తెలిసినవాళ్ళని ఎవరినైనా అడుగుదామండి,” అంది మెల్లగా.

“అడిగితే ఊరంతా తెలుస్తుంది,” అన్నారు భారతీదేవి గారు.

గంటలో అత్యవసర సమావేశం జరిగింది. పరిస్థితి తీవ్రమైనదే. వచ్చే వారం శనివారం జగ్గయ్యపేటలో మెట్టప్రాంత సేవాసంస్థల సమాఖ్యవారు ‘సేవా శిఖామణి’ బిరుదు ఇవ్వబోతున్నారు. దానికి అర్హత ఆరేళ్ళ సేవ, సాక్ష్యంగా కనీసం ఐదువేల ఫొటోలు. చివరికి అధ్యక్షులు గొంతు సవరించుకున్నారు. “సేవ పోయింది. మళ్ళీ చేద్దాం.”

ఆరేళ్ళ సేవని ఏడు రోజుల్లో తిరిగి చెయ్యాలని ఏకగ్రీవంగా తీర్మానించారు. మొదటి సంవత్సరం సేవలో అధ్యక్షుల జుట్టు నల్లగా ఉండాలి, ఆరో సంవత్సరానికి నెరవాలి. కనుక శుక్రవారం చిక్కగా రంగు వేసి రోజుకి కొంచెం చొప్పున కడగాలనీ, చొక్కాలు పూటకి నాలుగు మార్చాలనీ ఉప తీర్మానాలు చేశారు.

శుక్రవారం వీరులపాడు దారిలో పద్నాలుగు వనమహోత్సవాలు జరిగాయి. మధ్యాహ్నం వరదసాయం. మే నెలలో మున్నేరు ఇసుకే కనుక, ఒక పల్లపు సందు చూసి రెండు ట్యాంకర్ల నీళ్ళు వదిలారు. అధ్యక్షులు మోకాలిలోతు వరదలో దిగి పులిహోర పొట్లం చాచారు. రాజ్యశ్రీ కెమెరా ఎత్తేలోగా సందులోని ఆడవాళ్ళంతా బిందెలతో వచ్చి వరదని ముంచుకుపోయారు. పావుగంటలో వరద తగ్గుముఖం పట్టింది. వాళ్ళు పొట్లాలు కూడా వాళ్ళంతట వాళ్ళే తీసుకుని, మళ్ళీ వరద ఎప్పుడొస్తుందని అడిగారు.

అసలు ఇబ్బంది శనివారం వత్సవాయిలో వచ్చింది. పాత పదకొండు ముఖాలే చాలవు కనుక ఊరివాళ్ళని నిలబెట్టి, నిప్పులు కురిసే ఎండలో దుప్పట్ల పంపిణీ జరుగుతోంది. జాన్‌బాషా ఆటో ఆపి దిగాడు.

“సార్, ఇచ్చినయ్యి తిరిగి ఏరాలంటే ఒక్కో ఊళ్ళో అరగంట పడద్ది. మీరేమో ఇయ్యాళ ఐదూళ్ళన్నారు. దుప్పట్లు ఏరమంటారా, ఊళ్ళు తిరగమంటారా? ఏదో ఒకటి చెప్పండి.”

అధ్యక్షులు గడియారం చూసుకున్నారు. తల మీద నుంచి కారుతున్న నల్లటి చెమట తుడుచుకున్నారు. “తిరుగు,” అన్నారు.

అలా సమితి చరిత్రలో మొదటి దానం జరిగింది. ఆ క్షణంలో రాజ్యశ్రీ కెమెరా బ్యాటరీ మారుస్తోంది.

ఆ తర్వాత ఎవరూ ఆపలేకపోయారు. ఫొటో అయిన వస్తువు ఫొటో అయినవాళ్ళతోనే వెళ్ళిపోయేది. బీరువా ఖాళీ అయితే జగ్గయ్యపేట బజారు నుంచి కొత్త సరుకు తెప్పించారు. అదీ వెళ్ళిపోయింది. నందిగామలో ఎవరో నిజంగా ఇస్తున్నారన్న వార్త కంచికచర్లదాకా పాకింది. జనం మొదట నమ్మలేదు, తర్వాత బస్సులెక్కి వచ్చారు. కుట్టుమిషన్లు నడిచి వెళ్ళాయి. ఊతకర్రలు వాటి అవసరం ఉన్నవాళ్ళకే దొరికాయి.

సోమవారం కంటి శిబిరం. శాశ్వత లబ్ధిదారుల్లో పెద్దావిడ సీతారావమ్మకి పెట్టెలో చేతికందిన జోడు పెట్టారు. అది ఆమె కళ్ళకి సరిపోయింది. ఆమె అటూ ఇటూ చూసి, అధ్యక్షులవారి దగ్గర ఆగింది.

“ఏం బాబూ, అధ్యక్షులంటే మీరా? బక్కపల్చగా ఉంటాడే, ఆ అబ్బాయి కాదా?”

ఆరేళ్ళుగా ఆమె చెయ్యెత్తి దీవిస్తున్నది జాన్‌బాషాని అని అప్పుడు తేలింది. జాన్‌బాషా ఆటో చాటుకి వెళ్ళాడు. రాజ్యశ్రీకి నవ్వాగలేదు. కెమెరా ఊగిపోయింది. ఆ వారమంతా ఆమెకి అలాగే ఉంది. ఎందుకో తెలియదు, పొద్దున్నే లేవాలనిపించేది. చాలాసార్లు మీట నొక్కడం మర్చిపోయి ఊరికే చూస్తూ నిలబడేది.

గురువారం సాయంత్రానికి తొమ్మిది వేల కొత్త ఫొటోలు తయారయ్యాయి. వారం తర్వాత ఆమె మొదటిసారి కంప్యూటర్ ముందు కూర్చుంది. ఖాతా వాటిని తీసుకోలేదు. స్థలం లేదంది. ఖాళీ ఖాతాలో స్థలం లేకపోవడమేమిటని వెతికితే, ఒక మూల ‘ఇటీవల తొలగించినవి’ అని ఒక అర కనిపించింది. తెరిచింది. ఎనభై నాలుగు వేలూ అందులో ఉన్నాయి, ఒక్కటీ చెక్కుచెదరకుండా. నెల రోజులదాకా అలా ఉంచుతారట.

వాటిని శాశ్వతంగా తీసేస్తే కొత్తవాటికి చోటు వస్తుంది. ఎవరికీ తెలియదు. రాజ్యశ్రీ వేలు మీట మీద పావుగంట ఉంది. ఆ పావుగంటా సమితి చేసిన నిజమైన సేవంతా ఆ వేలి కొసనే ఉంది. తర్వాత ఆ చెయ్యి ఎంతైనా ఉద్యోగం చేసుకునే చెయ్యి కనుక, ఫోన్ తీసి అధ్యక్షులవారికి విషయం చెప్పింది.

ఆనందానికి అంతులేదు. అయితే రెండు సేవలకీ చోటు చాలదు. ఒకటే ఉండాలి. శుక్రవారం ఉదయం ముగ్గురూ తెర ముందు కూర్చుని రెంటినీ పోల్చి చూశారు. పాత ఫొటోల్లో అందరూ వరసగా ఉన్నారు, కెమెరా వైపు చూస్తున్నారు, అధ్యక్షులు మధ్యలో ఉన్నారు. కొత్తవాటిలో జనం తోసుకుంటున్నారు, నవ్వుతున్నారు, దుప్పట్లు నెత్తిన పెట్టుకుని వీపు చూపించి వెళ్ళిపోతున్నారు. అధ్యక్షులు చాలావాటిలో అంచున ఉన్నారు, రంగు కారుతూ.

“ఇవి నిజంగా ఇచ్చినవండి,” అంది రాజ్యశ్రీ.

“అందుకేనమ్మా ఇంత గందరగోళంగా ఉన్నాయి,” అన్నారు అధ్యక్షులు.

కొత్తవి తొలగించాలని తీర్మానం. పొరపాటున కూడా తిరిగి రాకుండా ఆ మూల అరలోంచి కూడా తీసెయ్యాలని సవరణ. బీరువాలోని సామగ్రి చెదలవల్ల నష్టపోయినట్టు భారతీదేవి గారు పుస్తకంలో నమోదు చేశారు. మీట నొక్కింది రాజ్యశ్రీయే. ఈసారి ఆమె వైరు పీకలేదు.

జగ్గయ్యపేట సభ దిగ్విజయంగా జరిగింది. ‘ఎడమచేతికి తెలియకుండా కుడిచేత్తో ఇచ్చే మహనీయుడు’ అని సమాఖ్య కన్వీనర్ కొనియాడారు. చప్పట్లు పెద్దగా వినిపించలేదు. సభలో అందరి చేతుల్లో ఫోన్లున్నాయి. తమ ఫోన్లలో చోటు చాలనివాళ్ళు అప్పటికప్పుడు పాతవి ఏవో తీసేసి చోటు చేసుకున్నారు. ఏవి తీశారో ఎవరూ చూసుకోలేదు.

తర్వాతి బుధవారం ఉదయం ఆఫీసులో రాజ్యశ్రీ ఒక్కతే ఉంది. గుమ్మంలో చెప్పులు విప్పి సీతారావమ్మ లోపలికొచ్చింది. చంకలో ఉతికి మడతపెట్టిన దుప్పటి. దాని మీద గుడ్డలో చుట్టిన కళ్ళజోడు.

“మా ఫొటోలు తీసేశారంటగా అమ్మా. జాన్‌బాషా చెప్పాడు. మరి ఇయ్యి ఎక్కడ పెట్టమంటావు?”

రాజ్యశ్రీ లేచి నిలబడింది. కళ్ళజోడు గుడ్డ విప్పి ఆమె ముఖానికి పెట్టింది. దుప్పటి రెండు చేతులతో అందించింది. “ఇవి మీవేనండి. తీసుకెళ్ళండి.”

సీతారావమ్మ దుప్పటి ఒక అంచు పట్టుకుంది. కొంగు సర్దుకుని, ముఖం పక్కకి తిప్పి, ఎవరూ లేని ఖాళీ గోడ వైపు చూస్తూ చిన్నగా నవ్వు పెట్టుకుంది. అలాగే నిలబడింది.

ఫ్యాను తిరుగుతోంది. రాజ్యశ్రీ కాసేపు ఆగి చూసింది. సీతారావమ్మ కదల్లేదు.

“అయిపోయిందండి,” అంది చివరికి.

అప్పుడు గాని ఆవిడ దుప్పటి తీసుకుని వెళ్ళలేదు.