కోటయ్యల సమైక్యత

కంప్యూటరు మనుషుల పొట్ట కొడుతుందని ఎవరన్నారండీ? వాణ్ణి ఒక్కసారి మా నరసరావుపేట పంపించండి! దేశంలో సమైక్యత రావాలని గోడలన్నీ రాతలతో నింపారే, వచ్చిందా? నేను తెచ్చాను. ఒక్క ఉదయంలో, రెండు ఫ్లాపీలతో!

నేను మండలాఫీసులో గుమాస్తాను. ఎనభై ఎనిమిదో సంవత్సరం నడుస్తుంటే ఇంకా చేతిరాత పుస్తకాలేమిటని పైవాళ్లు నన్ను కంప్యూటరు సాధన చేయమన్నారు. టైపు ఇన్‌స్టిట్యూట్ మేడమీద ఈశ్వరయ్య మాస్టారి దగ్గర రోజూ పొద్దున్నే గంటసేపు డీబేస్ అనే జాబితాల ప్రోగ్రాము నేర్చుకుంటున్నాను. చెప్పులు బయట విప్పాలి. తుమ్మొస్తే కిందికి దిగి తుమ్మి రావాలి.

మొదటి వారమంతా మా ఆవిడ మహాలక్ష్మి పేరు ఎక్కించాను, తీసేశాను, మళ్లీ ఎక్కించాను. తీసేసినా కిక్కురుమనదు! ఇంత హాయి ఏ చదువులో ఉందో చెప్పండి!

చేయి తిరిగాక అసలు పని మొదలుపెట్టాను. రెండు ఊళ్ల బియ్యం కార్డుల జాబితాలు కలిపి ఒక్కటి చేయాలి. పేరు ఒకటైతే మనిషి ఒకడే, రెండోసారి వస్తే తీసేయమని మెషీన్‌కి ఆర్డరు వేశాను. ఇంటిపేర్లకు చోటు చాలక వదిలేశాను. ఇంగ్లీషులో బాగుండవని పేర్ల ముందుండే పెద్ద, చిన్న కూడా కొట్టేశాను.

కోటప్పకొండ చుట్టుపక్కల ఇంటికో కోటయ్య ఉంటాడని మీకు తెలియనిదా? మా జాబితాలో అయిదుగురు. మీట నొక్కాను. అయిదుగురు కోటయ్యలూ ఒక్కటైపోయారు! ఒకే మనిషి, ఒకే కార్డు. ఆనందంతో నాకు కళ్లలో నీళ్లు తిరిగాయంటే నమ్మండి!

చౌకడిపో పిచ్చియ్యగారి ముందుచూపు చూడండి. ఆయన ఒక దరఖాస్తులో ఇంగ్లీషు పేరు మధ్య ‘టీ’ పెట్టాడు, ఇంకోదాంట్లో తీసేశాడు, మరోదాంట్లో చివర ‘హెచ్’ తగిలించాడు. అలా అయిదు స్పెల్లింగులు, కాబట్టి అయిదుగురు పిచ్చియ్యలు! అయిదు కార్డుల బియ్యమూ ఒక్క ఇంటికే నడిచి వెళుతున్నాయి. కంప్యూటరు ఎంత న్యాయంగా లెక్క సరిపెట్టిందో గమనించారా?

ఇంత ఘనకార్యం చేసినా ఊళ్లోవాళ్లకు విశ్వాసం లేదు. నిన్న నేను సాధనలో ఉండగా రాళ్ల క్వారీలో పనిచేసే చిన్నకోటయ్య, భార్య మల్లమ్మతో మేడెక్కి వచ్చాడు.

"ఏందయ్యా, నా బియ్యం కూడా పెద్దకోటయ్య కార్డులోనే ఉండయ్యంట?"

"మీరిద్దరూ ఒకటయ్యారు కోటయ్యా, సంతోషించు!"

"ఆడి పొట్టా నా పొట్టా ఒకటేనా అయ్యా?"

"పొయ్యి మీద ఎసరు పెట్టొచ్చినా. అందులో పొయ్యటానికి గింజ లేదు. పిల్లల్ని మీ ఇంటికి తోలమంటావా?" అంది మల్లమ్మ.

ఆడవాళ్లతో టెక్నికల్ విషయాలు మాట్లాడలేం కదా! చిన్నకోటయ్యకే ఉపాయం చెప్పాను. పిచ్చియ్యగారిలా స్పెల్లింగు మార్చి కొత్త దరఖాస్తు రాసుకోమన్నాను.

"నాకు రాతలు యాడొచ్చయ్యి? ఏలిముద్రే గదా నాది. పాత పుస్తకంలో మా అయిదుగురివీ యేరేయేరే ముద్రలుండయ్యి, సూడరాదా?"

ఆ పుస్తకం ఇంకెక్కడుంది? జాబితా కంప్యూటరు ఎక్కిన రోజే బజ్జీల కొట్టుకి వేసేశాం.

"పోనీ, మళ్లా యేస్తా" అంటూ అతను బల్లమీది స్టాంపు ప్యాడ్‌లో బొటనవేలు అద్దాడు. ఎక్కడ వేయాలో తెలియక అటూ ఇటూ చూశాడు. చివరికి తెరమీద కోటయ్య అని వెలుగుతున్న పేరు పక్కనే గట్టిగా నొక్కాడు.

ఈశ్వరయ్య మాస్టారు కెవ్వున కేకవేశారు. తడిగుడ్డ తెచ్చి గబగబా తుడిచేశారు.

ఆ జాబితా మొత్తం మీద చిన్నకోటయ్య ఎవరో తెలిసింది ఆ ముద్ర ఉన్న ఒక్క క్షణమేనండీ!